ఆదివారం కదిలిన బాణం

మోరిస్‌విల్,
ఫిబ్రవరి 12

చిరంజీవి రఘువీర్‌కి, మీ వదిన దీవెనలు.

ఉత్తరం చూసి కంగారు పడకు. మనీషా బాగానే ఉంది, నేనూ బాగానే ఉన్నాను. పాడైంది కంప్యూటర్. మీ అన్నయ్యది, పై గదిలో కిటికీ పక్కన ఉండేది.

ఫోన్ చేయవచ్చు కదా అనుకుంటావు. రెండుసార్లు నీ నంబర్ నొక్కి ఆపేశాను. ఫోన్‌లో మనిద్దరం ఒక నిమిషం మాట్లాడతాం. తర్వాత నువ్వు గొంతు సవరించుకుంటావు, నేను మనీషా పిలుస్తోందని చెప్పి పెట్టేస్తాను. ఆయన పోయిన దగ్గర్నుంచి ఇదే వరస. పైగా నువ్వు చెప్పే స్టెప్స్ నాకు కాగితం మీద ఉండాలి, లేకపోతే మూడోది వచ్చేసరికి మొదటిది మర్చిపోతాను. ఈమెయిల్ పంపుదామంటే నా ఈమెయిల్‌ని నేనే నమ్మడం లేదు. పోయిన వారం నా పేరుతో మా డేకేర్ పిల్లల తల్లులందరికీ ఏదో లింక్ వెళ్లిందట. నేను పంపలేదు.

మూడు వారాల క్రితం స్క్రీన్ మీద ఎర్ర డబ్బా ఒకటి వచ్చింది. ట్రోజన్ అనే వైరస్ దొరికింది, తీసేశాం అని. తీసేసింది కదా అని ఊరుకున్నాను. మర్నాడు మళ్లీ అదే డబ్బా, అదే పేరు. మనీషా ఇంకో యాంటీవైరస్ వేసింది. అది పన్నెండు దొరికాయని చెప్పి, అన్నీ క్లీన్ చేశానంది. రెండు రోజులు బాగుంది, మళ్లీ మొదలు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి ఆ గదిలో బట్టలు మడతపెడుతున్నాను. స్క్రీన్ వెలిగింది. మౌస్ మీద ఎవరి చెయ్యీ లేదు. బాణం దానంతట అదే కదిలింది. నెమ్మదిగా వెళ్లి మీ అన్నయ్య ఫోల్డర్ ఒకటి తెరిచి, కాసేపు ఆగి, మూసేసింది. నీ దగ్గర దాపరికం ఎందుకు, ఆ ఒక్క క్షణం నాకు భయం వేయలేదు రఘూ. ఆయనే అనుకున్నాను. చేతిలో దిండు గలేబు పట్టుకుని అలాగే నిలబడ్డాను. మనీషా వచ్చి చూసి, "అమ్మా, లోపల ఎవరో ఉన్నారు" అని గోడలోంచి ప్లగ్ పీకేసింది. భయం అప్పుడు వేసింది.

ఇక్కడ ఒక షాపులో అడిగాను. డిస్క్ మొత్తం తుడిచేసి కొత్తగా వేయాలన్నాడు. అది కుదరదు. ఎందుకో నీకు చెప్పలేదు ఎప్పుడూ. మీ అన్నయ్య చివరి నెలల్లో ఇల్లంతా తిరుగుతూ తన గొంతుతో రికార్డులు చేసి పెట్టారు. నీళ్ల వాల్వ్ ఎక్కడుంది, ఫర్నేస్ ఫిల్టర్ ఏ సైజు, గరాజ్ తలుపు ఇరుక్కుంటే ఏ తాడు లాగాలి, ఇలాంటివి. ఏది పాడైతే దాని రికార్డు మాత్రం వింటాను. మిగతావి వినను. అన్నీ ఒకేసారి వినేస్తే ఆ తర్వాత నాకు ఏం మిగులుతుంది చెప్పు. ఆయన రికార్డు చేసిన ఫోన్ ఎప్పుడో చచ్చిపోయింది. ఉన్నవి ఆ కంప్యూటర్‌లోనే, ఇంకెక్కడా కాపీ లేదు.

ఆ గొంతు పోకుండా ఆ పురుగుని బయటికి పంపాలి. నువ్వు చేసే ఉద్యోగమే అది కదా. ఏం చేయాలో వరసగా రాయి.

మీ వదిన,
కనకదుర్గ


డబ్లిన్,
ఫిబ్రవరి 20

వదినా,

నమస్కారం. మీ ఉత్తరం రైల్లో చదువుకున్నాను. దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.

ప్లగ్ పీకడం సరైన పని. మనీషాకి చెప్పండి, మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు కూడా ఆ పని అంత తొందరగా చేయరు. ఇప్పటికి ఇంతే చేయండి. కంప్యూటర్ మళ్లీ ఆన్ చేయవద్దు. దానికి ఏ పెన్ డ్రైవ్ కూడా పెట్టవద్దు, పెడితే అది కూడా అంటుకుంటుంది. మీ ఈమెయిల్, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు అన్నీ మీ ఫోన్ నుంచి మార్చండి. పాతవి ఆ కంప్యూటర్‌లో టైప్ చేసినవి, దొంగ చూసే ఉంటాడు.

తీసేసినా ఎందుకు తిరిగి వస్తోందని మీకు అనిపిస్తుంది. యాంటీవైరస్ తీసేది పైకి కనిపించే ముక్కని. దాన్ని మళ్లీ తెచ్చి పెట్టే ముక్క వేరే ఉంటుంది. అది కంప్యూటర్ ఆన్ అయినప్పుడల్లా ముందుగా నిద్ర లేస్తుంది. అందుకని కంప్యూటర్‌ని దాని విండోస్‌తో కాకుండా ఒక పెన్ డ్రైవ్‌లోంచి, ఇంకో సిస్టమ్‌తో లేపాలి. అప్పుడు దొంగ నిద్రలోనే ఉంటాడు. మనం 'ఇల్లు' ఫోల్డర్‌లో ఉన్న నలభై మూడు ఫైళ్లనీ బయటికి తీసుకుని, ఆ తర్వాత డిస్క్ మొత్తం తుడిచేయవచ్చు. షాపు అతను చెప్పింది తప్పు కాదు, వరస మాత్రం తప్పు. ఆ పెన్ డ్రైవ్ నేను తయారుచేసి పంపుతాను.

బాణం కదిలిన సంగతి ఎక్కువ ఆలోచించకండి. ఇలాంటప్పుడు అలా జరుగుతూ ఉంటుంది.

అన్నయ్య రికార్డులు ఎక్కడికీ పోవు. ఆ బాధ్యత నాది.

రఘు


మోరిస్‌విల్,
ఫిబ్రవరి 28

రఘూ,

పాస్‌వర్డ్‌లు మార్చాను. కంప్యూటర్ మీద దుప్పటి కప్పాను. ఎందుకు కప్పానో తెలియదు, చలికి కాదు.

సోమవారం గ్యాస్ వాటర్ హీటర్ ఆగిపోయింది. దాని రికార్డు పదకొండోది, ఇంకా వినలేదు. గరాజ్‌లో దాని ముందు పావుగంట నిలబడ్డాను. కింద చిన్న కిటికీలోంచి చూస్తే మంట లేదు. దాన్ని వెలిగించే పద్ధతి మీ అన్నయ్య చెప్పే ఉంటారు. ఆ చెప్పింది పైన దుప్పటి కింద ఉంది. మనీషా యూట్యూబ్‌లో చూసి వెలిగిస్తానంది, వద్దన్నాను. వద్దని ఎందుకన్నానో దానికి అర్థం కాలేదు. మూడు రోజులు స్టవ్ మీద నీళ్లు కాచుకుని ఇవాళ ప్లంబర్‌ని పిలిచాను. రెండు నిమిషాల్లో వెలిగించి వెళ్లిపోయాడు. నాకు ఒక రికార్డు వినే అవకాశం పోయినట్టనిపించి, మనిషి బాగుచేసి వెళ్తే ఏడుపొచ్చింది.

కంప్యూటర్ గురించి కూడా ఒక రికార్డు ఉంది తెలుసా, ముప్పై ఆరోది. అది కంప్యూటర్‌లోనే పెట్టారు మహానుభావుడు. ఆయన ప్లానింగ్ ఎప్పుడూ ఇంతే.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఫోల్డర్ పేరు 'ఇల్లు' అని రాశావు. నలభై మూడు అని రాశావు. నా ఉత్తరంలో పేరు రాయలేదు, లెక్కా రాయలేదు. రికార్డులు ఉన్నాయనే నీకు చెప్పలేదు, మొదటిసారి చెబుతున్నానని కూడా రాశాను. ఆయన ఉండగా నువ్వు ఇక్కడ నాలుగు రోజులు ఉన్నావు. ఆ నాలుగు రోజుల్లో పై గదిలోకి వెళ్లలేదు.

నీకెలా తెలుసు?

దుర్గ


డబ్లిన్,
మార్చి 9

వదినా,

ఈ ఉత్తరం ఐదోసారి రాస్తున్నాను. మొదటి నాలుగింటిలో అబద్ధాలు ఉన్నాయి.

ఆ ఆదివారం బాణం కదిలించింది నేనే.

లాక్‌డౌన్ అప్పుడు అన్నయ్య ఇంట్లోంచి పని చేసేవాడు. ప్రతి చిన్నదానికీ ఫోన్ చేసేవాడు, ప్రింటర్ రావడం లేదురా, సౌండ్ రావడం లేదురా అని. ఇక్కణ్ణుంచే చూసి బాగుచేసేలా ఒక ప్రోగ్రామ్ అందులో పెట్టాను. మన చుట్టాలందరి ఇళ్లలోనూ అలాగే పెట్టాను. మొత్తం పదకొండు ఇళ్లు. మనవాళ్లకి కంప్యూటర్ పాడైతే షాపు గుర్తుకు రాదు, నేను గుర్తొస్తాను. ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగితే ఏమిట్రా బయటివాడిలాగా అంటారని అందరికీ ఒకటే పెట్టాను. మన ఇంటిపేరు, నాన్న స్కూటర్ నంబర్. ఆఫీస్‌లో ఎవరైనా ఇలా చేస్తే ఆ రోజే ఇంటికి పంపిస్తాం. ఇంటి విషయంలో నాకు అది తప్పని తోచలేదు.

అన్నయ్య పోయాక ప్రతి ఆదివారం, అమెరికాకి ఈ పడమటి కొసలో మధ్యాహ్నం ఒంటిగంటకి, మీకు నాలుగు, లోపలికి వచ్చేవాణ్ణి. ఏమీ చేసేవాణ్ణి కాదు. వాల్‌పేపర్ మీద మీ ముగ్గురి ఫోటో ఉంటుంది కదా, కొండల దగ్గర తీసుకున్నది, మనీషాకి ముందు పన్ను లేనప్పటిది. అది చూసేవాణ్ణి. 'ఇల్లు' తెరిచి ఫైళ్ల పేర్లు చదువుకునేవాణ్ణి. వాటర్ హీటర్, గట్టర్లు, స్మోక్ అలారం. అన్నయ్య టైప్ చేసిన అక్షరాలు కదా. ఒక్కటి కూడా వినలేదు. అవి మీవని తెలుసు. మీరు ఆ గదిలో ఉంటారని ఎప్పుడూ అనుకోలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. ట్రోజన్ వచ్చింది కూడా నా దారిలోనే. ఫ్రీమాంట్‌లో తిరుపతయ్య బాబాయి ఎవరో వాట్సాప్‌లో పంపారని ఉచిత తెలుగు పంచాంగం ఒకటి డౌన్‌లోడ్ చేసుకున్నాడు. తిథి వార నక్షత్రాలు బాగానే చూపించిందట. వెనకాల దొంగని కూర్చోబెట్టింది. జనవరిలో వెళ్లినప్పుడు నేను ఆ కంప్యూటర్ ముందు కూర్చుని నా పాస్‌వర్డ్ టైప్ చేశాను. దాంతో వాడికి పదకొండు ఇళ్ల తాళం దొరికింది. మీ ఇంట్లోకి వాణ్ణి తెచ్చింది నేను.

ఈ వారం పది ఇళ్లకీ ఫోన్ చేసి, జరిగింది చెప్పి, ఆ ప్రోగ్రామ్ తీసేయించాను. పదకొండోది మీది.

కవర్‌లో పెన్ డ్రైవ్ ఉంది. వెనక కాగితం మీద స్టెప్స్ వరసగా రాశాను. నన్ను క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ముందు ఫైళ్లు తీసుకోండి.

రఘు


మోరిస్‌విల్,
మార్చి 19

రఘువీర్‌కి,

పెన్ డ్రైవ్ చేరింది. దాన్ని కంప్యూటర్‌కి పెట్టలేదు, పెట్టను. నువ్వు పంపింది ఏ నమ్మకంతో పెట్టమంటావు?

నాలుగింటికి నేను ఆ గదిలో ఉంటానని తెలియదా నీకు. ఆదివారం నాలుగింటికి ఆ గదిలోకి ఎండ వస్తుంది. ఆయన ఉన్నప్పుడు అక్కడే కూర్చునేవాళ్లం. ఆయన పోయాక ఏడాదికి పైగా ఆ వేళకి ఆ గది తలుపు తీయలేకపోయాను, ఈ మధ్యే వెళ్తున్నాను. ఆ ఏడాదంతా నువ్వు అక్కడ ఉన్నావన్నమాట. నా ఇంట్లో నేను వెళ్లలేని గదిలో.

నా గురించి కూడా చెప్పుకోవాలి. బాణం కదిలితే ఆయన అనుకున్నానని నీకు రాశాను. ఈ ప్రపంచంలో ఎవరికీ చెప్పని మాట అది. దానికి నువ్వు ఏం రాశావు? అలా జరుగుతూ ఉంటుందని రాశావు. నువ్వే అని తెలిసి కూడా. దొంగ వచ్చినందుకు కాదు నా కోపం. బాబాయి పంచాంగానికి కాదు. దీనికి.

రెండు ప్రశ్నలు. ఒకటి, విని ఉండకపోయినా కాపీ తీసి పెట్టుకున్నావా? తీసి ఉంటే చెప్పు, ఈ ఒక్కసారికి నిన్ను తిట్టను. రెండు, ఆయన పోయాకనే మొదలుపెట్టానని రాశావు. అంతకు ముందు ఎప్పుడూ చెప్పకుండా రాలేదా?

రెండోదానికి ఆరోసారి రాయాల్సి వచ్చినా సరే, నిజం రాయి.

దుర్గ


డబ్లిన్,
మార్చి 31

వదినా,

కాపీ లేదు. ఏ ఆదివారమైనా రెండు నిమిషాల పని. దొంగతనం అవుతుందని తీయలేదు. అప్పటికే దొంగనని తోచలేదు. తీసి ఉంటే ఈ రోజు మీకు ఈ గండం ఉండేది కాదు. వేరేవాళ్లకి బ్యాకప్ గురించి పాఠాలు చెప్పి జీతం తీసుకునేవాణ్ణి నేను.

రెండోది. వచ్చాను.

అన్నయ్య చనిపోయిన సంవత్సరం మొదట్నుంచి ఫోన్‌లో గొంతు సన్నబడుతూ వచ్చింది. అడిగితే బాగానే ఉన్నానురా, కొంచెం గ్యాస్ అనేవాడు. మీరు కూడా బాగానే ఉన్నారనేవారు. మార్చిలో ఒక ఆదివారం, ఫోన్ ఎత్తకపోతే, చెప్పకుండా లోపలికి వచ్చాను. అలా రావడం అదే మొదటిసారి కాదు. డెస్క్‌టాప్ మధ్యలో ఒక ఫైల్ ఉంది. స్కాన్ రిపోర్ట్. తెరిచాను. ప్యాంక్రియాస్ అని ఉంది, నాలుగో స్టేజ్ అని ఉంది. ఇరవై నిమిషాలు మౌస్ ముట్టుకోకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత మూసేశాను.

అన్నయ్య నాకు ఫోన్ చేసి చెప్పింది జూన్‌లో. అప్పుడే విన్నట్టు మాట్లాడాను. నాకు మూడు నెలల ముందే తెలుసు వదినా. ఆ రోజే విమానం ఎక్కాల్సింది. ఎక్కితే ఎలా తెలిసిందిరా అని అడుగుతాడు. నీ కంప్యూటర్‌లో దూరి చూశానని చెప్పాలి. వాడే చెబుతాడు, చెప్పగానే వెళ్దాం అని ప్రతి రోజూ ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చెప్పేసరికి జూన్ అయింది. జూలైలో వచ్చేసరికి వాడికి నాలుగు మెట్లు ఎక్కే ఓపిక లేదు. ఆ నాలుగు రోజుల్లో పై గదిలోకి ఎందుకు వెళ్లలేదో ఇప్పుడు మీకు తెలిసింది. నాలుగు రోజుల కంటే ఎక్కువ ఎందుకు ఉండలేదో కూడా. వాడి కళ్లలోకి చూడలేకపోయాను.

వాడు నడవగలిగిన మూడు నెలలు నేను పోగొట్టుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు, అడిగారు కాబట్టి చెప్పాను.

నేను పంపిన పెన్ డ్రైవ్ పారేయండి. నన్ను నమ్మాల్సిన అవసరం లేకుండా పని జరిగే దారి ఉంది. మీ ఊరి లైబ్రరీకి వెళ్లండి. రెండు కొత్త పెన్ డ్రైవ్‌లు కొనుక్కోండి, సీల్ తీయనివి. కంప్యూటర్లు చూసే ఆవిడని అడిగితే, కంప్యూటర్‌ని బయటినుంచి లేపే సిస్టమ్‌ని మొదటిదాంట్లో ఎలా వేయాలో చూపిస్తుంది. ఉచితంగా దొరుకుతుంది, ఎవరు తయారుచేశారో అందరికీ తెలిసిన సిస్టమ్. మనీషాకి అర్థమవుతుంది. రెండోది ఖాళీగా ఉంచండి. ఇంటికి వచ్చి మొదటిదాంతో కంప్యూటర్ లేపండి, ఇంటర్నెట్ వైర్ పెట్టకుండా. 'ఇల్లు'లోని ఆడియో ఫైళ్లు మాత్రమే రెండోదాంట్లోకి తీయండి. ఇంకేదీ తీయవద్దు, ఎంత ముద్దొచ్చినా సరే. నలభై మూడు లెక్కపెట్టుకోండి. కొన్ని తెరిచి వినిపిస్తున్నాయో లేదో చూసుకోండి. ఆ తర్వాతే డిస్క్ తుడవండి. తుడిచాక ఇక ఎవరూ వెనక్కి రాలేరు, దొంగైనా, నేనైనా.

రఘు


మోరిస్‌విల్,
ఏప్రిల్ 24

చిరంజీవి రఘువీర్‌కి, మీ వదిన దీవెనలు.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. కోపంతో రాయలేదనుకోకు. మొదటి వారం కోపమే. తర్వాత పనిలో పడ్డాను.

లైబ్రరీలో విద్య అని ఒకమ్మాయి ఉంది, ఇక్కడే షార్లెట్‌లో పుట్టి పెరిగిందట. "ఆంటీ, మీరు స్లోగా చెప్పండి, నాకు తెలుగు అర్థమవుద్ది" అంది. మనీషా, ఆ అమ్మాయి కలిసి పెన్ డ్రైవ్ తయారుచేశారు. ఇంటికి వచ్చి దుప్పటి తీశాం. కంప్యూటర్ లేచింది కానీ వాల్‌పేపర్ లేదు, వేరే రంగు, వేరే బొమ్మలు. మా ఇంట్లో ఎవరో వేరేవాళ్ల కంప్యూటర్ ఉన్నట్టుంది. ఎంత వెతికినా 'ఇల్లు' కనపడలేదు. మనీషా నీ కాగితం వేలితో చూపిస్తూ చదివి, డిస్క్ లోపల ఆయన పేరున్న ఫోల్డర్‌లో వెతికి పట్టుకుంది.

నలభై మూడూ వచ్చాయి. ఒకటి తెరుచుకోలేదు, ఏడోది, గరాజ్ తలుపు. అది నేను ముందే విన్నాను. ఎర్ర తాడు లాగమన్నారు, లాగేముందు కారు తీయమన్నారు, మధ్యలో పక్కింటి కుక్క మొరిగితే దాన్ని తిట్టారు. గుర్తున్నది గుర్తున్నట్టు కాగితం మీద రాసి పెట్టాను.

డిస్క్ తుడిచే ముందు ఖాయమేనా అని కంప్యూటర్ అడిగింది. మనీషా నా వైపు చూసింది. నేను నొక్కుతానన్నాను. నొక్కాను. గంటన్నర పట్టింది. విండోస్ కొత్తగా వేశాం. ఇప్పటికి పన్నెండు రోజులు, ఎర్ర డబ్బా రాలేదు. కొండల ఫోటో మనీషా ఫోన్‌లో ఉంటే మళ్లీ పెట్టింది.

నా నియమం నీకు తెలుసు, పాడైనదాని రికార్డు మాత్రమే వింటాను. కంప్యూటర్ పాడైంది కదా. ఆ తర్వాత వచ్చిన ఆదివారం నాలుగింటికి ముప్పై ఆరోది పెట్టుకున్నాను. ఆయన దాన్ని మే నెలలో చేశారు. మూడుసార్లు విని, మాట పోకుండా రాస్తున్నాను.

"దుర్గా, ఇది ముప్పై ఆరు, కంప్యూటర్. దీనికేమైనా అయితే నువ్వేమీ ముట్టుకోకు, రఘుకి చెప్పు. వాడు అప్పుడప్పుడు ఇందులోకి వస్తున్నాడు, నాకు తెలియదనుకుంటున్నాడు. పిచ్చి వెధవ, నా ఎదురుగా స్క్రీన్ మీద బాణం నడుస్తుంటే కనపడదా. స్కాన్ రిపోర్ట్ అక్కడ మధ్యలో పెట్టింది నేనే, వాడి కంట పడుతుందని. ఫోన్‌లో చెబుదామని రెండు వారాలు చూశాను, నోరు పెగల్లేదు. ఆ రోజు ఫోన్ ఎత్తలేదు కూడా కావాలనే. వాడు తెరిచాడు. నేను వెనక కుర్చీలో ఉన్నాను. ఇరవై నిమిషాలు బాణం కదల్లేదు. నేనూ కదల్లేదు. ఇద్దరం కలిసి చదువుకున్నట్టే ఉంది. ఎనిమిది వారాలైంది. ఇవాళ వస్తాడు, రేపు వస్తాడని చూస్తున్నాను. చూశానని చెప్పాలంటే చెప్పకుండా వచ్చానని చెప్పాలి కదా, వాడు అక్కడ ఇరుక్కుపోయి ఉంటాడు. రాకపోతే నేనే ఫోన్ చేస్తాలే. వాణ్ణి ఏమీ అనకు. నాకు చెప్పడానికి భయం వేసింది, వాడికి రావడానికి భయం వేసింది. ఒకే ఇంట్లో పుట్టాం మరి. సరే, ఈ డబ్బా వెనక ఫ్యాన్ ఉంటుంది, నెలకోసారి దుమ్ము తుడువు."

ఇది నీకు పంపకూడదని మొదట అనుకున్నాను. ఎనిమిది వారాలు అన్న మాట నువ్వు వినకపోతే మంచిదనిపించింది. రెండు రోజులు ఆ ఆలోచనతోనే తిరిగాను. మీ అన్నయ్య నీకు చెప్పకుండా దాచారు, నువ్వు ఆయనకి చెప్పకుండా దాచావు. నేను మాత్రం? మార్చిలోనే నీకు ఫోన్ చేయాలనుకున్నాను. ఆయన వద్దన్నారని ఊరుకున్నాను. జూలైలో వచ్చి నాలుగు రోజులకే వెళ్లిపోయావని ఇంతకాలం నిన్ను లోపల్లోపల తిట్టుకున్నాను, నీతో ఒక్క మాట అనలేదు. ఇంకోటి కూడా దాస్తే మనకి మనుషులు మిగలరు. అందుకని రాశాను. ఏడువు, పరవాలేదు. నేనూ ఏడ్చాను.

కంప్యూటర్ కొత్త పాస్‌వర్డ్ నీకు చెప్పను. నాకూ మనీషాకీ తప్ప ఎవరికీ తెలియదు, ఇక ముందు కూడా తెలియదు. నువ్వు పంపిన పెన్ డ్రైవ్ పారేయలేదు, డ్రాయర్‌లో ఉంది.

నేను రాసినవి మాటలే. 'పిచ్చి వెధవ' అన్నచోట ఆయన నవ్వారు, దాన్ని రాయడం నాకు చేతకాదు. ఆ ఫైల్ పంపను, వచ్చి విను. జూన్ రెండో వారం నుంచి మనీషాకి సెలవులు. ఎన్ని రోజులు ఉంటావో ముందే చెప్పు, నాలుగు అని మాత్రం అనకు.

ఈ కాగితం కింద టేపు వేసి అంటించింది మా ముందు తలుపు తాళం చెవి. తాళం కొంచెం బిగుసుకుంటుంది. తలుపుని నీ వైపు లాగి పట్టుకుని, అప్పుడు తిప్పు. పద్నాలుగో ఫైల్‌లో అలాగే చెప్పారు.

మీ వదిన,
దుర్గ